భిలాయికి సముద్రంతో పనేమిటి?

దుర్గ్‌లో వందేభారత్ ఎక్కినా విశాఖ చేరడానికి సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. అంత దూరాన ఉన్న సముద్రాన్ని గురించి ఉక్కునగరంలో మాట్లాడడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. ఉక్కు, బొగ్గు, ధాన్యం. ఛత్తీస్‌గఢ్ రాజకీయ నిఘంటువులో ఈ మూడు మాటలకే చోటు. ఆ నిఘంటువు రాసిన పెద్దలు శివనాథ్ నది ఎటు పోతుందో మరచిపోయారు.

దుర్గ్ పక్కనుంచి పారే శివనాథ్ మహానదిలో కలుస్తుంది. మహానది ఒడిశా తీరాన బంగాళాఖాతంలో కలుస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, గోదావరులతో పాటు మహానది మోసుకెళ్ళే మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక గనుక అడుగుకు దిగదు. పైనే పలుచని పొరగా పరచుకుంటుంది. గాలి ఎంత బలంగా వీచినా కింది చల్లని నీరు ఆ పొరను చీల్చుకుని పైకి రావడం కష్టం. అందువల్లనే నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం చల్లబడినా బంగాళాఖాతపు ఉపరితలం చాలావరకు 28 డిగ్రీలకు పైనే నిలుస్తుంది. ఆ వేడిమి అండతోనే ఉత్తర బంగాళాఖాతంలో అల్పపీడనాలు పుట్టి, వాయవ్యంగా కదిలి, ఒడిశాను దాటి ఛత్తీస్‌గఢ్ వరిమళ్ళ మీద వర్షిస్తాయి. శివనాథ్ మళ్ళీ నిండుతుంది. భిలాయికి సముద్రంతో ఉన్న పని ఇదే.

పై నీరూ కింది నీరూ ఎంత వేగంగా కలుస్తాయి? వాన అంచనా వేసే ప్రతి కంప్యూటర్ మోడల్‌కూ ఈ ప్రశ్న ఎదురవుతుంది. నీటిని కలిపే సుడులు కొన్ని సెంటీమీటర్ల నుంచి కొన్ని మీటర్ల వరకే ఉంటాయి. మోడల్ గడులు మాత్రం కిలోమీటర్ల వెడల్పు. గడిలో ఇమిడిపోయి కనిపించని సుడులకు బదులుగా ఒక సూత్రాన్ని రాసిపెట్టాలి. ఆ సూత్రం తప్పితే సముద్రపు వేడీ తప్పుతుంది, వానా తప్పుతుంది. దేశం 2012లో మాన్‌సూన్ మిషన్ కింద చేపట్టిన మోడల్ భారత భూభాగం మీద వానను అసలుకన్నా తక్కువగా చూపే లోపంతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టింది. దానికి సముద్రం ఒక్కటే కారణం కాదు. కాని సముద్రాన్ని సరిగా పట్టకుండా ఆ లోపాన్ని పూర్తిగా సరిదిద్దడం కల్ల.

ఇది రెండేళ్ళలో తేలే పని కాదు. చరిత్రే సాక్ష్యం. ధ్రువాల దగ్గర అడుగుకు దిగిన చల్లని నీరు తిరిగి పైకి రావాలంటే సముద్రంలో ఎంత మిక్సింగ్ జరగాలో 1966లో వాల్టర్ మంక్ లెక్క కట్టాడు. 1993లో లెడ్‌వెల్ బృందం అట్లాంటిక్ నీటిలో ఒక రసాయనాన్ని వదిలి అది వ్యాపించిన తీరును కొలిస్తే, అక్కడ దొరికింది అందులో సుమారు పదో వంతు! మిగిలినది ఎక్కడుందన్న వెతుకులాటలో సముద్రగర్భపు గరుకు కొండలు, అలలు, దక్షిణ మహాసముద్రం ఒక్కొక్కటిగా వెలుగులోకి వచ్చాయి. లెక్కకూ కొలతకూ మధ్య ఇరవై ఏడేళ్ళు. మన దేశంలో పీహెచ్‌డీ ముగించిన పరిశోధకునికి జాతీయ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఇచ్చే గడువు రెండేళ్ళు. మొదటి ఏడాది మోడల్‌ను అర్థం చేసుకోవడానికి పోతుంది, రెండో ఏడాది తదుపరి ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టుకోవడానికి.

భిలాయికి ఈ తంతు కొత్త కాదు. పని శాశ్వతం, పనివాడు తాత్కాలికం అన్న నీతిని ఈ ఊరు బాగా ఎరుగును. దల్లీ రాజ్‌హరా గనుల కాంట్రాక్టు కార్మికుల పక్షాన నిలిచి, తరువాత భిలాయి కర్మాగారాల పోరాటం నడిపిన శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబరు 28న ఇక్కడే, నిద్రలో కాల్చి చంపారు. గనిలో రాయి తవ్వినవారితో చదువుకున్న యువకులను పోల్చడమేమిటని ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. కష్టాల్లో పోలిక లేదు. వారిని వాడుకునే పద్ధతి మాత్రం ఒకటే.

అమెరికాలోనూ పోస్ట్ డాక్‌లు తాత్కాలికమే కదా అన్నది ఢిల్లీ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు. నిజమే. అక్కడి అన్యాయాన్ని శ్రద్ధగా దిగుమతి చేసుకున్నవారు అక్కడి ఖర్చును దిగుమతి చేసుకోలేదు. అమెరికా స్థూల ఉత్పత్తిలో మూడు శాతానికి మించి పరిశోధనకు వెచ్చిస్తే మన వాటా 2020-21లో 0.64 శాతం. 2023లో చట్టం చేసిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్‌కు అయిదేళ్ళలో 50,000 కోట్లు అన్నారు. అందులో ప్రభుత్వ వాటా 14,000 కోట్లే, మిగిలిన 36,000 కోట్లు ప్రధానంగా ప్రైవేటు రంగం నుంచి రావాలట. బంగాళాఖాతపు ఉప్పుపొరల మీద ఏ కంపెనీ పెట్టుబడి పెడుతుందో ఏలినవారే చెప్పాలి.

రిబ్బన్లకు మాత్రం కొదవ లేదు. వాతావరణ పరిశోధనకు 850 కోట్ల సూపర్ కంప్యూటర్లను 2024లో ప్రధాని ప్రారంభించారు. 4,077 కోట్ల డీప్ ఓషన్ మిషన్‌లో వాతావరణ మార్పుల విభాగం ఉన్నా, వార్తల్లో వెలిగేది ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్ళే మత్స్య జలాంతర్గామే. భిలాయిలో ఐఐటీ ఆవరణకు 2018 జూన్‌లో పునాది వేసి 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితం చేశారు. గోడలకు దాదాపు ఆరేళ్ళ వ్యవధి ఇచ్చిన ప్రభుత్వానికి మనిషికి అయిదేళ్ళు ఇవ్వడానికి చేతులు రావడం లేదు.

సముద్రం కంటికి కనబడకపోతే సముద్ర శాస్త్రం చేయరాదన్న వాదనకు తెలుగువారి దగ్గరే జవాబుంది. 1952లో యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి బంగాళాఖాతపు అధ్యయనానికి ఊపు తెచ్చిన మాట నిజమే, అది తీర నగరం. కాని దేశానికి సునామీ హెచ్చరికలు చెప్పే ఇన్‌కాయిస్ 1999 నుంచి ఉన్నది తీరానికి వందల కిలోమీటర్ల దూరాన, హైదరాబాద్‌లో. మోడల్‌కు కావలసింది కంప్యూటరూ, కొలతలూ, కుదురుగా కూర్చునే మనిషీ. మొదటి రెండూ కొంటున్నారు.

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగిన నాలుగేళ్ళకు, 1959 ఫిబ్రవరిలో, భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. నాటి ప్రభుత్వం కొలిమి ఒక్కటే కట్టి ఊరుకోలేదు. ఇళ్ళు, బడులు, ఆసుపత్రి కట్టి మనుషులను నిలబెట్టింది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన కుటుంబాలు తరాల తరబడి అక్కడే వేళ్ళూనుకున్నది ఆ భరోసాతోనే. సముద్ర మోడలింగ్‌కు కావలసినదీ అదే: అయిదేళ్ళకు తగ్గని నియామకాలు, పనితీరును బట్టి శాశ్వత పోస్టు, ఇన్‌కాయిస్‌తో భిలాయి వంటి ఐఐటీలకు ఉమ్మడి పదవులు. వచ్చే బడ్జెట్‌లో ఇందుకు ఒక పద్దు ఉందో లేదో దుర్గ్ నుంచి ఎన్నికైన సభ్యుడు లోక్‌సభలో అడగవచ్చు. ఆయన నియోజకవర్గంలోని వరి రైతుకు ఆ ప్రశ్నతో సంబంధం ఉంది.