చెరువు కట్టల మీద మలుపులు

సంపాదకులవారికి,

అయ్యా,

మా పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నదన్న మాటేగాని దాదాపు చుట్టూ ఆంధ్రదేశమే. ఇక్కడి తెలుగు కుటుంబాలకు పెళ్లి సంబంధాలైనా, బేరసారాలైనా హిందూపురం, పెనుకొండ, కల్యాణదుర్గం వైపే. కనుక మా రోడ్ల గోడు మీ పాఠకులకు పరాయిది కాదని వ్రాస్తున్నాను.

2022 మార్చి 19వ తేదీన వై.ఎన్. హొసకోట నుండి పావగడ వస్తున్న ప్రైవేటు బస్సు పళవళ్ళి కట్ట దగ్గర బోల్తాపడినది. పోయినవారిలో చదువుకొనే పిల్లలున్నారు. బస్సు కిక్కిరిసి ఉన్నదన్నారు, వేగమన్నారు, డ్రైవరుదే తప్పన్నారు. కాదనను. కాని మా రచ్చకట్టల మీద రోడ్డును కూడ ప్రశ్నించినవారిని నేను చూడలేదు.

మా రోడ్లలో చాలావరకు ఒకనాటి బండ్లబాటలే. చెరువు కట్ట ఎటు తిరిగితే బాట అటు తిరిగినది. ఎద్దుబండికి ఏ మలుపైనా ఒకటే. తరువాత కంకర పడినది. గుంతలున్నన్నాళ్లూ ఏ డ్రైవరూ తొందరపడలేదు. ఇప్పుడు తారు నున్నగా పరచినారు, మలుపు మాత్రం తాతలనాటిదే! తిన్నని రోడ్డుపై చాలాసేపు నడిపినవానికి తన వేగం తనకు తెలియదు. 70 కిలోమీటర్లు 50 వలె తోస్తుంది. కంపచెట్ల చాటున మలుపు కనబడేసరికి బ్రేకు వేయడానికి వ్యవధి ఉండదు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం మైదానపు మలుపులో బయటి అంచును నూటికి 7 వంతుల వాలు వచ్చేదాకా ఎత్తవచ్చు. అంత ఎత్తినా, గంటకు 50 కిలోమీటర్ల వేగానికి మలుపు వ్యాసార్ధం 90 మీటర్లు, 80 కిలోమీటర్లకు 230 మీటర్లు ఉండాలి. వేగం రెట్టింపైతే బండిని బయటికి నెట్టే బలం నాలుగింతలు. మా మలుపులలో నేను చూసినంతవరకు ఆ ఎత్తే లేదు. వాననీరు పోవడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, రెండంచులకు వాలుగా వేస్తారు గదా, మలుపులోనూ అదే వాలు. కుడికి తిరిగే బండి ఎడమ సగంలో పోతుంది గనుక రోడ్డే దానిని బయటికి వంచుతుంది. టాపు మీద కూడ జనమున్న బస్సైతే ఇక చెప్పేదేమున్నది?

క్యాతగానచెర్లు, తిరుమణి తదితర గ్రామాల భూములలో 13,000 ఎకరాల సోలారు పార్కు వచ్చినది. 2019లో 2,050 మెగావాట్లతో పూర్తయినది. అప్పటినుండి లారీలు, జీపులు హెచ్చినవి. మా వైపు ఒక మలుపులో తారు తిరిగి వేస్తున్నప్పుడు, బయటి అంచు ఎందుకు ఎత్తలేదని మేస్త్రీని అడిగినాను. “ఎస్టిమేటులో లేదు స్వామీ” అన్నాడు. పాపం, అతడేమి చేయగలడు? నెల తిరగకముందే మా తమ్ముని కొడుకు స్కూటరుతో సహా అక్కడే కంపలో పడి కాలు విరుగగొట్టుకొన్నాడు. “నేను జోరుగా పోలేదు పెద్దనాయనా, రోడ్డే తోసేసింది” అంటాడు. ఇంట్లో ఎవరూ నమ్మలేదు, నేను నమ్మినాను.

మలుపును సడలించడానికి భూమి కావాలి, నిజమే. బయటి అంచు ఎత్తడానికి అక్కరలేదు. కట్ట పొడుగునా ఇనుప కమ్మీలు, మలుపు వెంట బాణపు గుర్తుల పలకలు పెట్టడం పెద్ద ఖర్చు కాదు. లోపలి వైపు కంప కొట్టించడం పంచాయతీ చేతిలోని పనే. కొన్నిచోట్ల మలుపు నడుమనే హంపు వేస్తున్నారు. అది ఇంకొక ప్రమాదం. వేగం తగ్గవలసినది మలుపుకు ముందు.

తాలూకాలో చెరువు కట్టల మీదుగా పోయే మలుపులెన్ని, వాటిలో ఎన్నింటికి బయటి అంచు ఎత్తినారు? ఈ సంవత్సరపు తారు పనులు మొదలు కాకముందే అధికారులు ఆ జాబితాను ప్రకటించవలెనని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైతు,
క్యాతగానచెర్లు