‘నీ అంతు చూస్తా’కు ఇంగ్లీషేమిటి?

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో మరమగ్గాల మోత మధ్య తెలుగు వినిపించడం కొత్తేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీలు తరాలుగా అక్కడే స్థిరపడ్డారు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా తెరిచింది. ఇల్లు తెలుగులో, బజారు గుజరాతీలో, మగ్గాల షెడ్డు హిందీలో నడిచిపోతాయి.

పోలీసు స్టేషన్ మెట్లెక్కినా మొదట్లో పెద్ద ఇబ్బంది ఉండదు. మన ఫిర్యాదు అక్కడ ఫరియాద్, జామీను అక్కడా జామీనే, పంచనామా కాస్తా పంచనాము. ఫిర్యాదు, జామీను రెండు భాషలకూ పారశీకం నుంచి వచ్చిన చుట్టాలే. చిక్కంతా వ్యవహారం బీమా కంపెనీకో హైకోర్టుకో చేరి ఇంగ్లీషులోకి మారినప్పుడే.

తెలుగులో డబ్బునైనా, మనిషినైనా, ఇంటినైనా ‘దోచుకున్నారు’ అంటే సరిపోతుంది. ఇంగ్లీషు అలా ఒప్పుకోదు. వస్తువును ‘స్టీల్’ చేస్తారు, మనిషిని ‘రాబ్’ చేస్తారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఇదే పట్టింపు. చెప్పకుండా పట్టుకుపోతే దొంగతనం (సెక్షన్ 303), కొట్టో బెదిరించో లాక్కుంటే రాబరీ (309), అదే పని ఐదుగురు లేక అంతకన్నా ఎక్కువ మంది కలిసి చేస్తే డెకాయిటీ (310). ‘బర్గ్లరీ’ సంగతి మరీ విచిత్రం. బలవంతంగా చొరబడితేనే బర్గ్లరీ అని పాలసీలో రాసి ఉంటే, ఆ ఆనవాలు లేకుండా పోయిన సరుకుకు పరిహారం రాదని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది.

ఇక భవిష్యత్తు. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ - తెలుగులో రెంటికీ క్రియ ఒకటే. గుజరాతీలో మాత్రం ‘ఆవు ఛు’ వేరు, ‘ఆవీశ్’ వేరు. ఆ తేడా తెలిసిన సూరత్ తెలుగు పిల్లవాడికి ఇంగ్లీషు ‘విల్’ అంత కొత్తగా అనిపించదు. అయితే ఇంగ్లీషు అక్కడితో ఆగదు. మాట ఇచ్చేటప్పుడు ‘విల్’, ముందే మనసులో అనుకున్నదానికి ‘గోయింగ్ టు’. చీటీ పాటల తగాదాల్లో చట్టం తేల్చాల్సిందీ సరిగ్గా ఇదే. ‘వచ్చే నెల ఇస్తా’నన్నవాడు ఆ తర్వాత ఇవ్వలేకపోతే అది సివిల్ వివాదం. అన్నరోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉంటే మోసం, సెక్షన్ 318. మోసగాడు పైకి అనేది ‘విల్’, లోపల దాచుకునేది ‘గోయింగ్ టు’.

బెదిరింపు అయితే భవిష్యత్ కాలంలోనే జరిగే నేరం. ‘నీ అంతు చూస్తా’, ‘నీ సంగతి చూస్తా’ అనే మాటలు విన్న తెలుగువాడికి వెన్ను జలదరిస్తుంది. మాటకు మాట తర్జుమా చేస్తే మిగిలేది ఎవరో ఏదో ‘చూస్తా’రన్న కబురే. సెక్షన్ 351 కింద మామూలు బెదిరింపుకు రెండేళ్ల వరకు, చంపుతానన్న బెదిరింపుకు ఏడేళ్ల వరకు జైలు. ఐదేళ్ల తేడా తర్జుమా చేసేవాడి నోట్లో ఉందన్నమాట.

ఈ రెండు పాఠాలూ అందరికంటే బాగా ఒంటబట్టించుకున్నది సైబర్ దొంగలే. ‘మనీ లాండరింగ్’, ‘నార్కోటిక్స్’, ‘వారంట్’ అని నాలుగు ఇంగ్లీషు ముక్కలు విసిరి, ‘యు విల్ బి అరెస్టెడ్’ అంటే చాలు, అవతలివాడు వణికిపోతాడు. 2024లో సూరత్‌లోనే ఒక వృద్ధుణ్ని 15 రోజులు ఇలా ‘డిజిటల్ అరెస్టు’లో పెట్టి 1.15 కోట్ల రూపాయలు కాజేశారు. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఆ సంగతి తెలిసినవాడు ఫోన్ పెట్టేసి 1930కి డయల్ చేస్తాడు.

అరెస్టుకు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే సూరత్‌లో పట్టుబడిన తెలుగు కార్మికుడికి అర్థమయ్యేది తెలుగొక్కటే అయితే ఆ కాగితం తెలుగులోనే అందాలి. చట్టం ఇంగ్లీషులో ఇలాంటి చోట వాడే మాట ‘షల్’. అది జోస్యం కాదు, ఆజ్ఞ. ‘ఇస్తారు’కూ ‘ఇచ్చి తీరాలి’కీ మధ్య ఎంత దూరం ఉందో లింబాయత్ పిల్లలు ముందుగా నేర్చుకోవలసిన పాఠం అదే.