నిర్బంధం ఎవరిది?

‘రెండు రోజులు ఉండి వెళ్లమని వియ్యంకుడు నిర్బంధించాడు’ అంటే మన తాతల కాలంలో ఎవరూ కంగారుపడేవారు కాదు. సంస్కృతంలోనూ ఈ మాటకు పట్టుబట్టడం అనే అర్థముంది. వద్దువద్దంటున్నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు పడటమే ఆ నిర్బంధం. మొహమాటాన్ని ఆసరా చేసుకున్న బలవంతమే అయినా, లేచి చెయ్యి కడుక్కునే వీలు అతిథికి ఉండేది.

ఆ వాడుక దాదాపు పోయింది. మాట ఠాణా మెట్లెక్కింది: గృహనిర్బంధం, ముందస్తు నిర్బంధం, అక్రమ నిర్బంధం. చట్టం దీన్ని మన వార్తలకన్నా జాగ్రత్తగా వాడుతుంది. వెళ్లే హక్కున్న దారికి అడ్డుపడటం ఒక నేరం; ఎటూ కదలనివ్వకుండా ఒక హద్దులో ఉంచేయడం అంతకన్నా పెద్దది. మొదటిదానికి నెల దాకా, రెండోదానికి ఏడాది దాకా జైలు. రెండోదానికి చట్టమే చెప్పిన ఉదాహరణ ఒకటుంది: ఇంటి బయటి దారుల్లో తుపాకులవాళ్లను నిలబెట్టి, బయటికొస్తే కాలుస్తారని లోపలి మనిషికి చెప్పడం. తలుపుకు తాళం లేదు, చేతికి బేడీ లేదు. మనిషిని ఆపింది భయం. శరీరానికీ మనసుకూ మధ్య మనం గీసే గీత అక్కడ నిలవదు.

ఇక ‘నిర్బంధ విద్య’. వినగానే పిల్లవాణ్ణి రెక్క పట్టుకుని బడికి ఈడ్చుకెళ్లడమే తోస్తుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పేది వేరు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు బడి అందించి, చేర్పించి, హాజరయ్యేలా, చదువు పూర్తి చేసేలా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదంటుంది. తల్లిదండ్రులకూ చేర్పించే బాధ్యత ఉంది గానీ, నిర్బంధమన్న మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలో కట్టుబడాల్సింది సర్కారే. తెలుగులో ఆ బరువు ఎలాగో పలక పట్టుకున్న పిల్లవాడి నెత్తికెక్కింది.

ఈ మాటతో చిక్కంతా ఇదే: ఎవరు, ఎవరిని అన్నది జారిపోతుంది. ‘నేతల గృహనిర్బంధం’ అన్న శీర్షికలో గడప దగ్గర నిలబడ్డవాడు కనిపించడు, ఏ ఉత్తర్వుతో నిలబడ్డాడో అసలే కనిపించదు. కథల్లోనూ అంతే, కోడలు ‘నిర్బంధానికి గురవుతుంది’, గడియపెట్టిన చెయ్యి వాక్యంలోకి రాదు.

మాకు రచనలు పంపే మిత్రులకు ఒక మనవి. ఈ మాట వాడండి, కాదనం. ఎవరు నిర్బంధించారో కూడా రాయండి.