పాత ఏసీ మార్చాలా వద్దా: మా రూం పంచాయితీ

అక్కలు కూడా చదవండి, చివర్లో మీ సంగతి కూడా ఉంది.

జిలీబ్‌లో మా రూంలో ఆరుగురం ఉంటాం. కిటికీ ఏసీ ఒక్కటే. మాకంటే ముందున్నోళ్లు కూడా దాని కిందే పడుకున్నారు. మొన్న శుక్రవారం ఉల్లిపాయలు తరుగుతా ఒక తమ్ముడు మాట లేపినాడు: "అన్నా, ఇది కరెంటు బాగా తింటాంది. తలా ఇంత వేసుకొని కొత్తది కొందాం." అంతే, రాత్రి పదకొండు దాకా పంచాయితీ.

లెక్క వేసినాం. రెండు టన్నుల పాత ఏసీ గంటకు రెండు యూనిట్ల పైనే లాగుతుంది. ఎండాకాలం రోజుకు 20 గంటలు ఆడితే 44 యూనిట్లు అనుకోండి. అపార్ట్‌మెంట్లకు 2017 నుంచి యూనిట్ 5 ఫిల్సులు. కువైటీల ఇళ్లకైతే 1966 నుంచీ 2 ఫిల్సులే. ఆ లెక్కన మనకు రోజుకు 220 ఫిల్సులు, నెలకు ఆరున్నర దినార్లు. కొత్తది మూడో వంతు తగ్గించినా నెలకు మిగిలేది రెండు దినార్ల చిల్లర. ఆరుగురికి పంచితే తలా 370 ఫిల్సులు కూడా రావు. మేము అడిగిన షాపులో కొత్త ఏసీ 95 దినార్లు చెప్పినారు. ఏడాదికి ఆరు నెలల ఎండ అనుకుంటే అసలు తీరడానికి ఏడేళ్లు. అఖామా ఏడేళ్లు ఉంటుందని మనకు ఎవరు రాసిస్తారు?

పైగా మా బిల్లు అద్దెలోనే కలిసి ఉంది. మేము కొంటే మిగిలేది ఓనర్‌కు. రూం మారితే ఏసీ అక్కడే. 75 దినార్ల జీతగాడు ఓనర్ జేబు నింపడానికి చందా వేయాలా? వద్దనే మా మాట.

అయితే ఒక పెద్దాయన ఊరుకోలేదు. "ఫిల్సులు సరే, 2024 జూన్‌లో లోడు తట్టుకోలేక ఏరియాల వారీగా కరెంటు తీసినారు, మర్చిపోయినారా?" అన్నాడు. మర్చిపోతామా? 2016లో మిత్రిబాలో 53.9 డిగ్రీలు కొట్టిన దేశం ఇది. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ ఆ భారం మోయాల్సింది మా జీతం కాదు.

ఇంతలో ఫిల్టర్ కడుగుదామని ప్లగ్ పీకినాం. ఒక కాలు నల్లగా మాడి, ప్లాస్టిక్ కరిగిపోయి ఉంది. అందరం గమ్మున అయిపోయినాం. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఫ్రిజ్జు, రైస్ కుక్కర్, ఆరు ఫోన్ల చార్జర్లు.

2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో ఏం జరిగిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కనీసం 45 మంది ఇండియా వాళ్లు పోయినారు, అందులో మన ఆంధ్రా వాళ్లు ముగ్గురు. కారణం షార్ట్ సర్క్యూట్ అన్నారు. కరెంటు ఆదా పేరు చెప్పి మూడు గంటలు కొట్లాడుకున్న మేము, ఇన్నేళ్లూ ఆ ప్లగ్ వైపు చూడలేదు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఇక్కడ బిల్లు కోసం పాతది మార్చొద్దు. మాడిన వైరు, కాలిన వాసన ఉంటే మాత్రం ఒక్క రోజు ఆగొద్దు, ఓనర్‌ను అడగండి. మేము హారిస్‌ను అడిగితే "బుక్రా" అన్నాడు. ఆ బుక్రా ఎప్పుడొస్తుందో మనకు తెలిసిందే కదా. రెండు రోజులు చూసి మేమే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ప్లగ్, వైరు మార్పించినాం. ఏసీకి గోడ సాకెట్ విడిగా పెట్టించినాం. ఫ్రిజ్జు, కుక్కర్ ఒకే బాక్సుకు పెట్టడం మానేసినాం.

ఇంటి దగ్గర లెక్క వేరు. అక్కలూ, ఇది మీకు. ఊర్లో పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల లోపల. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీదే నెలకు 20 యూనిట్లు మిగులు. ఆంధ్రాలో వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు ఎక్కుతుంది కాబట్టి మిగిలేది ఖరీదైన యూనిట్లే. యూనిట్ ఆరు రూపాయలైనా నెలకు 120, ఫ్యాన్ డబ్బులు రెండు మూడేళ్లలో తీరిపోతాయి. అక్కడ మార్చండి, మీటర్ మనది కదా.

ఇంకోటి. కొత్త ఫ్రిజ్జు కొన్నాక పాతదాన్ని పచ్చళ్లకని వెనక రూంలో ఆడిస్తారు మనోళ్లు. అప్పుడు రెండు ఫ్రిజ్జుల బిల్లు. ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి, పాతది అమ్మినారా, ఇంకా ఆడతానే ఉందా అని.

మా ఏసీ అదే మోత మోగుతానే ఉంది. ప్లగ్ మాత్రం రోజూ పడుకునే ముందు ఎవరో ఒకరు వెనక చెయ్యి పెట్టి వేడి చూస్తున్నారు.