చీర వద్దు, వాటా చూపించండి

మన దేశపు కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం ఒక సాహిత్య రచన. 1984లో చేసిన సవరణతో దాన్ని కథ, కవిత, నవల ఉండే గూట్లోనే పెట్టారు. కాబట్టి ఒక సాహిత్య పత్రికలో లైనక్స్ గురించి రాయడానికి నేను సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. అయినా ఈ విషయం ఎత్తినప్పుడల్లా రచయిత్రుల సమావేశాల్లో నాకు ఒకటే మాట వినిపిస్తుంది: "అవన్నీ కంపెనీల తగాదాలు, మగపిల్లల సరదాలు, మనకెందుకు?" లైనక్స్ అభిమానుల మధ్యకు వెళితే అక్కడ మరో మాట: "కోడ్‌కి ఆడా మగా ఏముంటుంది మేడమ్?" చూడటానికి ఈ రెండూ వేరు వేరు మాటలు. చేసే పని మాత్రం ఒకటే. ఆస్తి గురించి చర్చ జరిగే గదిలోంచి ఆడవాళ్లను బయటికి పంపడం. నా పేచీ ఈ రెండింటితోనూ.

ముందు తగాదా సంగతి చూద్దాం. కంప్యూటర్‌ని నడిపించే మూల వ్యవస్థల్లో లైనక్స్ ఒకటి. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దాని గుండెకాయ లాంటి భాగాన్ని రాశాడు. అంతకుముందే, 1983లో, రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు మిగతా సరంజామా చాలావరకు సిద్ధం చేసి ఉంచింది. ఆ తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది, కొందరు జీతానికి, ఎందరో జీతం లేకుండా, దాన్ని పెంచారు. దాని లైసెన్సు పేరు జిపిఎల్. ఈ ప్రోగ్రాంను ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చదవొచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు. పంచేటప్పుడు మాత్రం తీసుకునేవాళ్లకి కూడా ఇవే హక్కులు ఇవ్వాలి. అదొక్కటే షరతు.

2003 మార్చిలో ఎస్‌సిఓ గ్రూప్ అనే అమెరికన్ కంపెనీ ఐబిఎం మీద దావా వేసింది. యూనిక్స్ అనే పాత వ్యవస్థ మీద హక్కులు తమవని, ఆ కోడ్‌ని ఐబిఎం లైనక్స్‌లోకి చేరవేసిందని ఆరోపణ. నష్టపరిహారంగా మొదట వంద కోట్ల డాలర్లు అడిగి, తర్వాత ఐదు వందల కోట్లకు పెంచింది. లైనక్స్ వాడితే ఇబ్బందుల్లో పడతారంటూ దాదాపు 1500 పెద్ద కంపెనీలకు ఉత్తరాలు రాసింది. సర్వర్‌లో ఒక్కో ప్రాసెసర్‌కి 699 డాలర్లు కట్టి లైసెన్సు తీసుకోమంది. యూనిక్స్ 1969లో బెల్ లాబ్స్‌లో పుట్టింది. అందులో ఒక్క పంక్తి కూడా ఈ కంపెనీ అధిపతులు రాసింది కాదు. ఎటి&టి నుంచి 1993లో నోవెల్‌కి, 1995లో మరో కంపెనీకి, 2001లో వీళ్లకి, అలా చేతులు మారుతూ వచ్చిన కాగితాలే వీళ్ల బలం. పైగా అప్పటిదాకా కాల్డెరా అన్న పేరుతో లైనక్స్‌నే అమ్ముకుని బతికిన కంపెనీ ఇది!

పొలంలో నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసే ఆడవాళ్ల పేరున సెంటు పట్టా ఉండకపోవడం, పొలంగట్టు తొక్కనివాడు దస్తావేజు చూపించి కౌలు వసూలు చేయడం మనకు కొత్త కాదు. అందుకే ఈ కేసును నేను సాంకేతిక వార్తగా చదవలేకపోయాను. శ్రమకూ కాగితానికీ మధ్య ఎప్పుడూ జరిగే తగాదానే ఇది.

రుజువు చూపించమంటే ఏం చేశారో చూడండి. 2003 ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిగిన సభలో కొన్ని కోడ్ ముక్కల్ని తెర మీద చూపించారు. ఎవరూ చదవకుండా కొంత భాగాన్ని గ్రీకు అక్షరాల ఫాంట్‌లోకి మార్చారు. లైనక్స్ వాళ్లు ఆ ఫాంట్ ముసుగు తీసి చదివారు. తీరా చూస్తే ఒక ముక్క బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి ఎప్పుడో బహిరంగంగా విడుదలైనది. ఇంకొకటి పాత యూనిక్స్‌లోది, దాన్ని అంతకు ముందు ఏడాదే కాల్డెరాయే స్వయంగా అందరికీ విడుదల చేసి ఉంది. చివరికి దస్తావేజు కూడా నిలవలేదు. 1995 అమ్మకం ఒప్పందంలో కాపీరైట్లను మినహాయించుకున్నామని నోవెల్ అడ్డం తిరిగింది. 2007 ఆగస్టులో జడ్జి, 2010 మార్చిలో జ్యూరీ, 2011లో అప్పీలు కోర్టు అదే నిజమన్నాయి. ఎస్‌సిఓ 2007లోనే దివాలా తీసింది. అయినా ఐబిఎం మీద కేసు ఈడుస్తూ ఈడుస్తూ 2021లో ఒక కోటీ 42 లక్షల 50 వేల డాలర్ల రాజీతో ముగిసింది. లేని హక్కు పేరుతో పద్దెనిమిదేళ్లు కోర్టుల చుట్టూ తిప్పగలగడం కూడా ఒక రకం ఆస్తే.

ఈ కథలో మనం గుర్తుపెట్టుకోవలసిన మనిషి ఒకామె ఉంది. పమేలా జోన్స్. ఆమె న్యాయవాది కాదు, న్యాయవాదులకు సహాయకురాలిగా పనిచేసేది. 2003 మేలో 'గ్రోక్‌లా' మొదలుపెట్టి ఈ కేసులో దాఖలైన ప్రతి కాగితాన్నీ పోగుచేయించి, టైపు చేయించి, మామూలు మాటల్లో వివరించింది. ఎస్‌సిఓ చెప్పే ప్రతి మాటనూ, వాళ్లే ఇంకోచోట చెప్పినదాని పక్కన పెట్టి చూపించింది. కోర్టు భాష తెలియని ప్రోగ్రామర్లు, ప్రోగ్రాములు తెలియని లాయర్లు ఆమె దగ్గర కలుసుకున్నారు. దానికి దక్కిన ప్రతిఫలం? ఆమె చెప్పుకుంటున్న మనిషి కాదని, వెనక ఐబిఎం ఉందని పుకార్లు. 2005లో ఒక విలేకరి ఆమె ఇంటి ఆనవాళ్లు వెతికి అచ్చువేయడం. అందరూ ఛీ అన్నాక ఆ వ్యాసాన్ని తీసేయాల్సి వచ్చింది. ఆమె వాదనకు జవాబు లేనప్పుడు ఆమె ఎక్కడ ఉంటుంది, ఎవరితో ఉంటుంది అని ఆరా తీయడం ఎక్కడి పద్ధతో మీకు నేను చెప్పాలా? తెలుగులో రాసే ఆడవాళ్లలో ఈ ఆరా తగలనిదెవరు? 2013 ఆగస్టులో, అమెరికా ప్రభుత్వ నిఘా బయటపడ్డాక, ఇక ఉత్తరాలకు గోప్యత లేదంటూ ఆమె గ్రోక్‌లా మూసేసింది. కోడ్‌కి ఆడా మగా ఉండదనే మిత్రులు ఈ అధ్యాయం ఒకసారి చదవాలి. కోడ్‌కి లేకపోవచ్చు. కోడ్ కోసం కొట్లాడేవాళ్లకి ఉంటుంది.

ఇప్పుడు మనకెందుకు అనే వాళ్ల సంగతి.

పదిహేనేళ్ల కిందట మా విభాగం తరఫున నిజామాబాద్ ప్రాంతపు బీడీ కార్మిక స్త్రీల జీవిత కథనాలు సేకరించాం. రికార్డు చేసి, రాసి, డిటిపి చేయించాం. అప్పట్లో ప్రెస్‌లో ఏ ఫాంట్ నడుస్తుంటే అందులోనే టైపు అయ్యేది. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. కానీ ఫాంట్లు అమ్మే కంపెనీలు ఎవరి సంకేతాలు వాళ్లవి పెట్టుకున్నాయి. పైకి 'అ' కనిపిస్తుంది, లోపల ఉండేది ఇంకేదో ఇంగ్లీషు గుర్తు. మొన్న పునర్ముద్రణ కోసం ఆ సీడీలు తీస్తే తెర మీద తెలుగు అక్షరం ఒక్కటి లేదు. కామాలు, డాలర్ గుర్తులు, ప్రశ్నార్థకాలు. ఫాంట్ అమ్మిన కంపెనీని అడిగితే పాత వెర్షన్ ఇప్పుడు లేదు, కొత్తది కొనండి, కొన్నా పాత ఫైళ్లకి మాది పూచీ లేదు అన్నారు. ఎవరో వాలంటీర్లు రాసి ఊరికే పంచిన ఒక కన్వర్టర్‌తో సగం బయటపడింది. ఒత్తులు, గుణింతాలు పోయిన మిగతా సగాన్ని మా ఇద్దరు పరిశోధక విద్యార్థినులు టేపులు వింటూ మళ్లీ టైపు చేశారు.

ఆ కథనాలు ఎవరివి? చెప్పిన స్త్రీలవి. రాసుకున్న మాకూ కొంత బాధ్యత ఉంది. అసలు ఆ సంభాషణల్లో ఎక్కడా లేని ఒక కంపెనీ చేతిలో వాటి తాళంచెవి ఎలా ఉంది? లాస్ వేగాస్‌లో కోడ్‌కి గ్రీకు ముసుగు వేస్తే నవ్వుకున్నాం. మన భాషకు, మన ఆడవాళ్ల మాటలకు అదే ముసుగు ఏళ్ల తరబడి ఉంటే మనం గమనించనైనా లేదు. మనకు తెలియని మన చరిత్రను వెతుక్కుంటూ వచ్చిన తరం మనది. తెలిసిన చరిత్రను కూడా తెరవలేని ఫైళ్లలో వదిలి వెళ్దామా?

"కానీ మాకు అన్నీ ఉచితంగానే వస్తున్నాయిగా" అంటారు కొందరు. దొంగ కాపీ ఉచితం, ఉత్తరాల పెట్టె ఉచితం, ఫోన్‌లో అన్నీ ఉచితం. ఇక్కడే మన భాష మనకు ఒక మేలు చేసింది. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకే మాట కావడంతో స్టాల్‌మన్ జీవితమంతా ఆ తేడా వివరిస్తూనే గడిపాడు. మనకు రెండూ వేరు మాటలు. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, పుట్టింటి నుంచి పండక్కి పసుపు కుంకుమ కింద వచ్చే చీర ఉచితం. తండ్రి ఆస్తిలో వాటా హక్కు. చీర పెట్టేవాళ్ల ఇష్టం మీద ఉంటుంది. ఈ ఏడు పెట్టొచ్చు, వచ్చే ఏడు మానొచ్చు, వదినతో మాట తేడా వస్తే గుమ్మమే ఎక్కనివ్వకపోవచ్చు. వాటా అలా కాదు. పూర్వం కూతుళ్లకు వాటా అంటే లోకం తలకిందులవుతుందన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో, దేశమంతటా 2005లో పిత్రార్జితంలో కూతుళ్లకు సమాన హక్కు వచ్చింది. లోకం అలాగే ఉంది. యాజమాన్యపు నియమాలు మనుషులు రాసుకున్నవి, అడిగితే మారేవి.

కంపెనీలు మనకిచ్చే ఉచిత సేవలన్నీ చీరలు. ఒకరోజు మూసేస్తారు, ఒకరోజు డబ్బు కట్టమంటారు, ఒకరోజు మన రాతలే ముడిసరుకు అంటారు. జిపిఎల్ ఇచ్చేది వాటా. దొంగ కాపీ వాడటం కూడా తిరుగుబాటేమీ కాదు. వాటా అడగలేక అన్నగారి బీరువాలోంచి చీర తెచ్చుకోవడం అది. బీరువా ఆయనదే, తాళం ఆయనదే.

ఇంతవరకూ చదివి లైనక్స్ సోదరులు భుజాలు ఎగరేయనక్కర్లేదు. స్వేచ్ఛ గురించి ఇంత మాట్లాడే ఈ ఉద్యమంలో స్త్రీలెందరు? యూరోపియన్ యూనియన్ నిధులతో జరిగి 2006లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమూహాల్లో స్త్రీలు 1.5 శాతం. కంపెనీల యాజమాన్యంలో ఉండే సాఫ్ట్‌వేర్ రంగంలో 28 శాతం. మనం తిట్టుకునే కంపెనీల కంటే స్వేచ్ఛా సమూహాలే అధ్వాన్నం! కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. రాత్రి తొమ్మిదింటికి భోంచేసి, కంచం అక్కడే వదిలేసి, కంప్యూటర్ ముందు కూర్చుని ప్రపంచానికి దానం చేసే మగవాడి వెనక ఆ కంచం ఎత్తే చేతులుంటాయి. అతని తీరిక స్వచ్ఛందం. ఆమె చాకిరిని ఏ లైసెన్సులోనూ రాయలేదు. ఇక భాష సంగతి. ఇన్నేళ్లూ తన దురుసు ఉత్తరాలను సమర్థించుకున్న టోర్వాల్డ్స్ 2018 సెప్టెంబరులో క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు తప్పుకున్నాడు. లైనక్స్‌కి ప్రవర్తనా నియమావళి అప్పుడొచ్చింది, 27 ఏళ్లకి. లైంగిక వేధింపులకు సంబంధించిన ఒక కేసుపై చేసిన వ్యాఖ్యల వల్ల 2019లో తాను పెట్టిన సంస్థకు రాజీనామా చేసిన స్టాల్‌మన్, ఎంతోమంది అభ్యంతరపెట్టినా 2021లో బోర్డులోకి తిరిగొచ్చాడు. మారినంత మేరకైనా మార్చింది ఆడవాళ్లే. 2004లో డెబియన్ విమెన్, 2006లో గ్నోమ్‌లో మొదలై ఇప్పుడు అవుట్‌రీచీగా సాగుతున్న శిక్షణ వాళ్ల పట్టుదల ఫలితాలు.

స్త్రీవాదం లేకుండా ఈ ఉద్యమానికి తన ప్రస్తుత కష్టం కూడా అర్థం కాదు. 2001లో లైనక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చింది మైక్రోసాఫ్ట్ అధిపతి. అదే మైక్రోసాఫ్ట్ 2018లో, స్వచ్ఛంద ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్‌ని 750 కోట్ల డాలర్లకు కొంది. 2021లో అక్కడి బహిరంగ కోడ్‌తో తర్ఫీదు ఇచ్చిన కోపైలట్‌ను తెచ్చి, మరుసటి ఏడాది నుంచి అమ్మడం మొదలుపెట్టింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసేవాడట, ఇక్కడ అల్లుడు అమ్ముకుంటున్నాడు. కోడ్ రాసినవాళ్లలో కొందరు 2022 నవంబరులో కోర్టుకెక్కారు. నిన్న మీరు రాసింది మాదే అన్న కంపెనీలు, ఇవాళ మీరు రాసింది అందరిదీ, అంటే మాది కూడా, అంటున్నాయి. ప్రేమతో చేసిన పనికి లెక్క ఎందుకు అనే వాదన ఇది. ఇంటి చాకిరికి మనకెప్పుడూ చెప్పిన మాటే. అది ఎటు తీసుకుపోతుందో మగ ప్రోగ్రామర్లకు ఇప్పుడు తెలుస్తోంది. మనల్ని అడిగితే ముందే చెప్పేవాళ్లం.

అందుకే నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. మన పత్రికలు, ప్రచురణ సంస్థలు పాత సంచికల్ని యూనికోడ్‌లోకి మార్చి, ఎవరైనా తెరవగల రూపంలో దాచాలి. ఆ పనికి డబ్బు కేటాయించాలి, విద్యార్థినుల వెట్టితో కానివ్వకూడదు. ప్రజాధనంతో నడిచే విశ్వవిద్యాలయాలు తెలుగు కోసం ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా దాని మూలం చూపించమని అడగాలి. స్త్రీ అధ్యయన కేంద్రాల్లో భూమి హక్కు, ఆస్తి హక్కు పాఠాల పక్కన ఈ పాఠమూ ఉండాలి. పోతన, వేమన ఫాంట్లు జిపిఎల్ కింద ఉన్నాయి. హైదరాబాదులో 'స్వేచ్ఛ' వాళ్లు తెలుగు లైనక్స్ తయారుచేశారు. మొదలుపెట్టడానికి సామాను ఉంది. ఆ పని జరిగే చోట ఆడపిల్లలకు పనిగంటలు, జీతం, పేరు, నిర్ణయంలో చోటు ఉండాలని అడగడం మన వంతు.

కంపెనీలు పండక్కి చీరలు పంపుతూనే ఉంటాయి, అంచు ఏడాదికేడాది వెడల్పవుతూనే ఉంటుంది. తీసుకునేవాళ్లు తీసుకోండి. దస్తావేజులో పేరు ఎవరిదో మాత్రం చదివి తీసుకోండి.