ముల్లు సడక్ మీదే ఉంచి, తలకు టోపీ పెట్టే ఖానూన్



పోయిన జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ గేటు ముందు చాయ్ తాగుతుంటే ఒక చాచా పట్టుకున్నారు. కొడుకూ కోడలూ మెల్‌బోర్న్‌లో ఉంటారు, మూడు నెలలు అక్కడ ఉండి వచ్చారు. "బేటా, హుకూమత్ అంటే వాళ్ళది! ఉత్త సైకిల్‌కి కూడా హెల్మెట్ లేకపోతే జుర్మానా. మన దగ్గర కూడా ఇట్లాంటి ఖానూన్ రావాలి" అన్నారు. చుట్టూ ఉన్న నలుగురూ తలూపారు. "జాన్ కాపాడుకోవడం ఫర్జ్ కదా" అని ఒకాయన దీన్‌ని కూడా జత చేశారు.

నేను తలూపలేదు. ఎందుకో చెప్తాను.

ముందు ఒక మాట సాఫ్‌గా. నేను హెల్మెట్‌కి ఖిలాఫ్ కాదు. అనేక దేశాల్లో గాయపడిన 64 వేల మందికి పైగా సైకిలిస్టుల లెక్కలు కలిపి ఆస్ట్రేలియా పరిశోధకులు 2016లో ఒక ఫలితం బయటపెట్టారు. ప్రమాదం జరిగినప్పుడు హెల్మెట్ ఉన్నవాళ్ళ తలకు తీవ్ర గాయమయ్యే అవకాశం దాదాపు 70 శాతం తక్కువ. ఒంటెను కట్టేసి, ఆ తర్వాత తవక్కుల్ చెయ్యమని మన రసూల్ (స) నేర్పారు. హెల్మెట్ ఆ తాడు లాంటిది. కొనండి, పిల్లలకు పెట్టండి.

నా ఝగడా హెల్మెట్‌తో కాదు. పెట్టుకోనివాణ్ణి ముజ్రిమ్‌ని చేసే ఖానూన్‌తో.

దునియాలో అందరికన్నా ముందు ఈ ఖానూన్ తెచ్చింది చాచా చూసొచ్చిన మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రమే. 1990 జులై 1న. 1992 కల్లా ఆస్ట్రేలియా అంతటా వచ్చింది, 1994లో న్యూజిలాండ్ కూడా తెచ్చింది. ఏమైంది? హెల్మెట్లు పెరిగాయి, తలకు దెబ్బలూ తగ్గాయి. కానీ మెల్‌బోర్న్ సడక్‌ల మీద నిలబడి లెక్కపెడితే సైకిల్ తొక్కే పిల్లలే తగ్గిపోయారు. పదో తరగతి వయసు పిల్లల్లో మరీ ఎక్కువ. దెబ్బలు తగ్గింది హెల్మెట్ వల్ల ఎంత, సైకిల్ మానెయ్యడం వల్ల ఎంత అని అక్కడి ఆలిమ్‌లు ఇంకా బహస్ చేస్తూనే ఉన్నారు. 2010లో అదే ఊళ్ళో అద్దె సైకిళ్ళ పథకం మొదలైంది. దారిన పోయేవాడు సైకిల్ తీసుకోవాలంటే హెల్మెట్ ఎక్కణ్ణుంచి తెస్తాడు? 2019లో మూతపడింది.

ఇక జుర్మానా సంగతి. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో 2016 మార్చిలో హెల్మెట్ జుర్మానాను ఒక్క దెబ్బకు 71 డాలర్ల నుంచి 319 డాలర్లకు పెంచారు. ఆఫీసు ఉద్యోగికి అది చిరాకు. సైకిల్ మీద ఇంటింటికీ తిండి చేరవేస్తూ ఫీజు కట్టుకునే మన హైదరాబాద్, గుంటూరు పిల్లలకు అది చాలా రోజుల రోజీ.

అమెరికాలో సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలోనూ ఇదే ఖానూన్ ఉండేది. ఎవరికి జుర్మానాలు పడ్డాయో పత్రికలవాళ్ళు తవ్వి తీశారు. సియాటిల్‌లో దాదాపు సగం, ఉండడానికి ఇల్లు లేనివాళ్ళ మీదే! నల్లజాతి వాళ్ళ మీద వాళ్ళ జనాభాకు మించి పడ్డాయి. 2022లో ఆ ఖానూన్‌ని రద్దు చేశారు. మెక్సికో సిటీ 2010లోనే ఎత్తేసింది. ఇజ్రాయెల్ 2011లో ఊళ్ళలో తిరిగే పెద్దవాళ్ళకు సడలించింది. అమలు చేసి చూసినవాళ్ళే వెనక్కి తీసుకుంటుంటే, మనం కొత్తగా తెచ్చుకుందామా?

ఇప్పుడు హాలెండ్ చూడండి. అక్కడ సైకిల్ హెల్మెట్ ఖానూన్ లేదు. బడి పిల్లలు, బురఖా అమ్మలు, ముసలి తాతలు, మంత్రులు, అందరూ సైకిలే. ఎక్కువమంది తల మీద ఏమీ ఉండదు. అది ఊరికే రాలేదు. 1971లో ఆ చిన్న దేశంలో మూడు వేల మందికి పైగా సడక్‌ల మీద చచ్చిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. అమ్మలూ అబ్బాలూ వీధుల్లోకొచ్చి "పిల్లల ఖతల్ ఆపండి" అని నినాదం ఎత్తారు. వాళ్ళు పిల్లల తలకు కవచం అడగలేదు, కార్లకు లగామ్ అడిగారు. హుకూమత్ సైకిళ్ళకు వేరే దారులు వేసింది. ఇళ్ళ మధ్య వేగం తగ్గించింది. కారు సైకిల్‌ని గుద్దితే నష్టపరిహారం బాధ్యత ముందుగా కారువాడిదే. పద్నాలుగేళ్ళలోపు పిల్లలైతే దాదాపు ఎప్పుడూ మొత్తం అతనే కట్టాలి. ఇప్పుడు అక్కడ ఏడాదికి సడక్ మౌతులు ఏడొందల చుట్టుపక్కల.

ఒక ఏతెరాజ్ వస్తుంది: "అక్కడ కూడా సైకిలిస్టులు చచ్చిపోతున్నారు కదా?" అవును. బ్యాటరీ సైకిళ్ళ మీద వెళ్ళే ముసలివాళ్ళు పడిపోవడం పెద్ద ఫికర్ అయింది. అక్కడి హుకూమత్ హెల్మెట్ పెట్టుకోమని సమ్‌జాయిస్తోంది, కానీ జుర్మానా వెయ్యడం లేదు. నేనూ అదే అంటున్నాను.

ఇంకో నిజం. యూరప్ ప్రమాణం ప్రకారం సైకిల్ హెల్మెట్‌ని గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో నేలకు కొట్టి పరీక్షిస్తారు. అంటే మనంతట మనం పడితే కాపాడడానికి చేసింది. ఇసుక లారీ ముందు దాని తాకత్ ఎంతో మీరే ఆలోచించండి.

జాన్ హిఫాజత్ అన్న భాయీకి నా జవాబు ఇది. దారిలో హాని చేసే వస్తువును తీసెయ్యడం ఈమాన్‌లో ఒక కొమ్మ అని మన రసూల్ (స) చెప్పారు. ముల్లును దారి నుంచి తియ్యమన్నారు. ముల్లును అక్కడే ఉంచి, చెప్పుల్లేకుండా నడిచేవాడికి జుర్మానా వెయ్యమనలేదు. ఒంటె తాడు మన ఫర్జ్. సడక్ మీది ముల్లు హుకూమత్ ఫర్జ్. హెల్మెట్ ఖానూన్ చేసే పని ఏమిటంటే, రెండో ఫర్జ్ కూడా మజ్‌లూమ్ నెత్తినే పెట్టడం.

మన దేశంలో మోటార్ వాహనాల చట్టం హెల్మెట్ అడిగేది బండివాళ్ళని, ఉత్త సైకిల్‌వాళ్ళని కాదు. అలాగే ఉండనివ్వండి. ఇక్కడ సైకిల్ ఎవరిది? తెల్లారగట్ల పేపర్ వేసే పిల్లాడిది, నైట్ డ్యూటీ వాచ్‌మన్‌ది, కొత్తిమీర కట్టలమ్మే నానీది. పంచర్‌వాలా అని మనల్ని ఎగతాళి చేస్తారే, ఆ పంచర్ షాపు సాయిబుకి అన్నం పెట్టేది ఈ గరీబులే. చౌరస్తాలో ఆపి జుర్మానా రాస్తే వీళ్ళు సైకిల్ అమ్మేస్తారు.

2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ కప్పుతో. మంచిదే. అంటే చేతకాక కాదు. ఐటీవాళ్ళ కసరత్తుకి వేసిన దారి, పాతబస్తీలో పనికెళ్ళే కూలీకి ఎందుకు లేదు? అడగాల్సింది అది.

చాచాని చివర్లో ఒకటే అడిగాను: "చాచా, మీరు ముప్పయ్యేళ్ళు సైకిల్ మీద లుంగీలమ్మి కొడుకుని చదివించారు కదా. ఈ ఖానూన్ అప్పుడుంటే?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "మొదటి నెలలోనే సైకిల్ జప్త్ అయ్యేది బేటా" అన్నారు.

వస్సలామ్.