మొర పెట్టుకోవద్దు, హక్కు అడుగుదాం

కొంచెం పెద్ద పోస్టు, చివరిదాకా చదవండి.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటోణ్ణి నేనే. అందుకే హాస్టల్ నుంచి ఊరికి పోతే అర్జీలు రాయమని అందరూ నా దగ్గరికే వస్తరు. దసరా సెలవుల్లో మా నాయన పోడు భూమి పట్టా కోసం ఆఫీసరుకు రాసిన. "నిరుపేద గిరిజనులం, దయతలచి మా మొర ఆలకించగలరని వేడుకుంటున్నాము" అని. చదివి వినిపిస్తే నాయన ఒక్కటే అడిగిండు: "మనం దున్నే భూమే కదరా, గింతగనం ఎందుకు బతిమాలినవ్?" నా దగ్గర జవాబు లేదు.

మొర అంటే ఏంది? ఆపదలో ఉన్నోడు తనకంటే పెద్దోణ్ణి సాయానికి పిలవడం. మొసలికి చిక్కిన గజేంద్రుడు విష్ణువుకు పెట్టుకున్నది మొర. వానలు పడకపోతే మన పెద్దలు వేల్పులకు పెట్టుకునేది మొర. అక్కడ ఆ మాట సరైందే. వినడం, వినకపోవడం దేవుడి ఇష్టం. కానీ ఆఫీసరు దేవుడు కాదు, జీతం తీసుకునే ఉద్యోగి. వినడం ఆయన డ్యూటీ.

ఐటీడీఏలో మన సమస్యలు వినే రోజుకు "గిరిజన దర్బార్" అని పేరు పెట్టిన్రు. దర్బార్ అంటే రాజు కొలువు. కొలువులో మొర ఉంటది, హక్కు ఉండదు.

2006 అటవీ హక్కుల చట్టం పేరే చూడండి. హక్కులు "ఇవ్వడం" అని లేదు, "గుర్తించడం" అని ఉంది. మనకు చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టమే ఒప్పుకుంది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అటవీ భూమిని సాగు చేసుకుంటున్న ఆదివాసీకి 4 హెక్టార్ల దాకా హక్కు ఉంది. మొదలుపెట్టేది గ్రామసభ. దాని తీర్మానంతో అన్యాయం జరిగిందనుకుంటే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి పోవచ్చు. ఇందులో దయ ఎక్కడుంది?

"నోరు మంచిదైతే ఊరు మంచిది, మర్యాదగా రాస్తే తప్పేంది" అంటరు కొందరు. మర్యాద వద్దని నేను అంటలేను. నమస్కారం రాద్దాం. కాళ్ళు మొక్కొద్దు. కొమురం భీం పేరు మీద మనం చెప్పుకునే నినాదం మూడే మాటలు: జల్, జంగల్, జమీన్. అందులో "దయచేసి" లేదు.

ఫిర్యాదు అనే మాట కూడా పారసీలో సాయం కోసం పెట్టే కేకే. ఇయ్యాల దానికి తారీఖు ఉంటది, రసీదు ఉంటది. వాడేటోళ్ళు మారితే మాట కూడా మారుతది.

నాయన అర్జీ చింపి మళ్ళా రాసిన. ఈసారి ఊళ్ళోని అటవీ హక్కుల కమిటీకి. ఎన్ని ఎకరాలు, ఎప్పటి నుంచి దున్నుతున్నం, సాక్ష్యం చెప్పే పెద్దలు ఎవరు, అంతే. వేలిముద్ర వేసి నాయన అన్నడు: "రసీదు తీస్కో."

ఊళ్ళో అర్జీలు రాసేది మనమే. అందుకే ఈ పోస్టు. ఈసారి రాసేటప్పుడు "మొర" కొట్టేసి, "హక్కు" అని రాయండి.